పడుకుని చూసి గాని ఇవ్వడు

ఎల్డన్ బ్రెక్కీకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. తాను ముందుగా పడుకుని చూడని శవపేటికను ఎవరికీ ఇవ్వడు.

పడుకోవడమంటే ఏదో లాంఛనానికి నడుం వాల్చి లేవడం కాదు. బూట్లు విప్పి, అందుకోసమే ఉతికి దాచుకున్న తెల్లటి ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, పెట్టెలోకి ఎక్కి, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని సరిగ్గా పదకొండు నిమిషాలు. పక్కన స్టూలు మీద, గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వంటింట్లో పెట్టుకునే గంట ఒకటి టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. పది నిమిషాలు నడుముకి, ఒకటి మెడకి అని ఆయన లెక్క. గంట మోగగానే లేచి కూర్చుని తీర్పు చెబుతాడు. "ఎడమ భుజం దగ్గర ఇరుకు." లేదా, "తలగడలో ఏం కూరారో గానీ బంగాళాదుంపల బస్తాలా ఉంది." ఆ తర్వాత సూదీ దారం తీసి, లోపలి పట్టుగుడ్డ కుట్లు విప్పి, దూది సర్ది, మళ్ళీ కుట్టి, మళ్ళీ ఎక్కుతాడు. మళ్ళీ పదకొండు నిమిషాలు.

స్టెన్‌డాల్ ఊరికి పదకొండు వందల జనాభా, ఒక ధాన్యం గోదాము, రెండు లూథరన్ చర్చిలు. ఆ రెండు చర్చిలవాళ్ళకూ డెబ్భై ఏళ్ళుగా పడదు. ఎందుకు పడదో గుర్తున్నవాళ్ళందరూ పోయారు గానీ పడకపోవడం మాత్రం మిగిలింది. అయితే ఏ చర్చివాళ్ళైనా చివరికి, శవాన్ని సిద్ధం చేసి అంత్యక్రియలు జరిపించే ఎల్డన్ ఫ్యూనరల్ హోమ్‌కే రావాలి, ఎందుకంటే ఊరికి ఉన్నది అదొక్కటే.

ఎదురుగా జుట్టు దిద్దే దుకాణం ఆర్డిస్ లాకెన్‌ది. ఊళ్ళో ఆడవాళ్ళ తలలు బతికున్నన్నాళ్ళూ ఆమె చేతిలోనే ఉంటాయి, పోయాక కూడా ఒకసారి ఆమె చేతిలోకే వస్తాయి. ఇరవై రెండేళ్ళ కిందట మొదటిసారి ఎల్డన్ పిలిస్తే, ఒక ముసలావిడకు ఆఖరి దువ్వెన వెయ్యడానికి సంచీ పట్టుకుని వెళ్ళింది. గదిలో పెట్టె మూత తెరిచి ఉంది. గుండె చిక్కబట్టుకుని వంగి చూసింది. లోపల ముసలావిడ లేదు. తెల్ల మేజోళ్ళతో ఆరడుగుల ఎల్డన్ ఉన్నాడు. ఆమె పెట్టిన కేకకు వీధిలో కుక్కలు మొరిగాయి.

"ఇంకా నాలుగు నిమిషాలుంది, కూర్చో ఆర్డిస్," అన్నాడు ఎల్డన్, కళ్ళు తెరవకుండానే.

"బతికే ఉన్నావా?"

"పని మీద ఉన్నాను."

ఆ రోజు నుంచీ ఆర్డిస్ ఆ గది గుమ్మం దగ్గర ఆగి "ఎవరు లోపల?" అని అడిగి గాని అడుగుపెట్టేది కాదు. జవాబు వస్తే ఎల్డన్, రాకపోతే తన పని.

ఈ పిచ్చి పెట్టెలతో ఆగి ఉంటే బాగానే ఉండేది. పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకుని, పన్ను పీకించుకోకుండా కుర్చీ గురించి సలహా ఇచ్చి వచ్చేశాడు. చర్చికి కొత్త బెంచీలు కొనేటప్పుడు కమిటీవాళ్ళు పొరపాటున ఈయన్ని వెంట తీసుకెళ్ళారు. దుకాణంలో ఉన్న పద్నాలుగు రకాల బెంచీల మీదా వరసగా పడుకున్నాడు.

"కూర్చునేదాని మీద పడుకుంటావేంటయ్యా?" అని పాస్టర్ సోల్‌బెర్గ్ తల పట్టుకున్నాడు.

"మీ ప్రసంగాలు నాకు తెలుసు కదండీ పాస్టరు గారూ," అన్నాడు ఎల్డన్.

అన్నిటికీ మించింది హార్వీ ఊన్‌స్టాడ్ పెట్టె సంగతి. హార్వీ మూడు వందల పౌన్ల మనిషి. ఎల్డన్ చూస్తే చీపురుపుల్ల. తాను పడుకుంటే హార్వీకి ఎలా ఉంటుందో ఏం తెలుస్తుంది? అందుకని ఆర్డిస్ ఇంట్లోంచి నాలుగు తలగడలు తెప్పించి, ముందు రెండు, వెనక రెండు కట్టించుకుని, పైన హార్వీ ఓవర్‌కోటు తొడుక్కుని ఎక్కాడు. పదకొండు నిమిషాలయ్యింది, గంట మోగింది, ఎల్డన్ లేవలేదు. లేవడానికి వీల్లేకుండా ఇరుక్కున్నాడు. ఆర్డిస్, అప్పుడే ఉత్తరాలు తెచ్చిన పోస్ట్‌మ్యాన్, చెరో చెయ్యీ పట్టుకుని లాగితే, బెరడు ఊడినట్టు కోటు లోపలే ఉండి మనిషి బయటికొచ్చాడు.

"చూశావా?" అన్నాడు రొప్పుతూ. "ఇది హార్వీకి చాలదు. ఇంకో సైజు పెద్దది తెప్పించాలి."

"ఆ ముక్క టేపు పెట్టి కొలిస్తే తెలిసేది కాదా?"

"టేపుకి ఊపిరాడకపోవడమంటే ఏం తెలుస్తుంది?"

ఊపిరాడాల్సిన అవసరం హార్వీకి మాత్రం ఏముందని ఆర్డిస్ అడగబోయి ఊరుకుంది. ఎల్డన్‌తో వాదించడం అంటే తడిసిన దుప్పటి పిండడం లాంటిది, ఎంత పిండినా ఇంకా కారుతూనే ఉంటుంది.

కొంప మునిగింది మాత్రం క్లిఫర్డ్ మోయెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారి అంత్యక్రియల్లో. జనం నిండుగా ఉన్నారు. పాస్టర్ సోల్‌బెర్గ్ గొంతు తగ్గించి, "మన క్లిఫర్డ్ ఇప్పుడు పరమ నిశ్శబ్దంలో విశ్రమిస్తున్నాడు," అన్నాడు. పెట్టెలోంచి 'కీ...' మని సన్నటి ఈల వినపడింది.

పాస్టర్ ఆగాడు. ఈల ఆగింది. "పరమ నిశ్శబ్దంలో..." అన్నాడు మళ్ళీ. 'కీ...'

ముందు వరసలో ఉన్న క్లిఫర్డ్ మేనల్లుడు బ్రాడ్లీ, పట్నంలో లాయరు, లేచి రెండు వరసలు వెనక్కి గెంతాడు. చర్చిలో ఆ ఈల విననివాడు ఒక్కడే ఉన్నాడు. వెనక గోడ దగ్గర చేతులు కట్టుకుని భక్తిగా నిలబడ్డ ఎల్డన్. ఎందుకు వినలేదంటే, ఆయన చెవి మిషను ఆయన చెవిలో లేదు, క్లిఫర్డ్ తలగడ కింద నలిగి కూస్తోంది. ఆర్డిస్ దూరం నుంచి తన చెవి చూపించి, పెట్టె చూపించి, కళ్ళు పెద్దవి చేసింది. క్లిఫర్డ్ జుట్టు బాగా కుదిరిందంటోంది కాబోలనుకుని ఎల్డన్ మెచ్చుకోలుగా తలూపాడు. చివరికి ఆమే వెళ్ళి, తలగడ కింద చెయ్యి పెట్టి ఆ మిషను తీసి గుప్పిట మూసింది. గుప్పిట్లో అది ఇంకా గట్టిగా కూసింది. కూస్తున్నదాన్ని కూస్తున్నట్టే పర్సులో పడేసుకుని, నడిచి బయటికి వెళ్ళిపోయింది.

బ్రాడ్లీ రాష్ట్ర లైసెన్సు బోర్డుకు ఫిర్యాదు రాశాడు. మరో పదిహేను రోజులకు బోర్డు ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. మర్యాదస్తుడు. గదిలోకి వచ్చి, తెరిచి ఉన్న పెట్టె ముందు టోపీ తీసి, తల వంచి నిలబడ్డాడు.

"ఎవరండీ మీరు?" అంది పెట్టె.

ఆ ఇన్‌స్పెక్టరు రాసిన నివేదికలో చేతిరాత మొదటి పేజీ అంతా వణికిపోయి ఉందని తర్వాత తెలిసింది. మిగతాదంతా స్పష్టంగానే ఉంది. ఒక మనిషి పడుకున్న పెట్టె కొత్త పెట్టె కాదు. వాడిన పెట్టెను కొత్తదని చెప్పి ఇవ్వడం నేరం. వృత్తి గౌరవానికి భంగం. లైసెన్సు ఎందుకు రద్దు చెయ్యకూడదో బోర్డు ముందు హాజరై చెప్పవలెను.

దాంతోపాటే ఇంకో కాగితం వచ్చింది. 'ఇకమీదట ఏ శవపేటికలోనూ పడుకోను' అని సంతకం పెడితే చాలు, కేసు మూసేస్తాం అని.

"గండం గడిచింది," అంది ఆర్డిస్, పెన్ను మూత తీసి అందిస్తూ. "పెట్టు."

"పెట్టను."

"ఎల్డన్! నీకేమైనా మతి పోయిందా? పెట్టి, తర్వాత తలుపేసుకుని పడుకో. ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తానుగా."

"పోనీ, ఎందుకు పడుకుంటావో అదైనా రాయి వాళ్ళకి."

"అది నేను చెప్పేది కాదు, ఆర్డిస్."

ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ గొంతుతో మాట్లాడటం ఆమె వినలేదు. లైసెన్సు పోతే ఊళ్ళో ఎవరు పోయినా డెబ్భై మైళ్ళ అవతల ముక్కూమొహం తెలియని కంపెనీవాళ్ళకు అప్పగించాలి. ఆర్డిస్ తల్లి థోరాకు తొంభై నాలుగేళ్ళు, మంచం దిగడం మానేసి ఆరు నెలలైంది. కబురు విని ఆ ముసలావిడ, "ఎల్డన్ లేకపోతే నేను పోను. అంతే," అని గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ మాటకు నవ్వు వచ్చింది గానీ, ఆ మధ్యాహ్నం ఆర్డిస్ దుకాణం మూసి, లోపల కూర్చుని కాసేపు ఏడ్చింది.

విచారణ రోజున ఊరు ఊరంతా రాజధానికి బయల్దేరింది. స్కూలు బస్సులో నలభై ఒక్కమంది, రెండు చర్చిలవాళ్ళు, చెరో వైపు కూర్చుని. పంది మాంసం శాండ్‌విచ్‌లు మాత్రం రెండు వైపులకూ ఒకే డబ్బాలోంచి వెళ్ళాయి.

బోర్డు అధ్యక్షురాలు కాన్‌స్టెన్స్ విక్రీ. ముప్పై ఏళ్ళు తానే ఫ్యూనరల్ హోమ్ నడిపిన మనిషి. కళ్ళద్దాలకు గొలుసు, ముఖానికి గడియ. జుట్టు మాత్రం వంక పెట్టడానికి లేకుండా ఉందని ఆర్డిస్ మనసులో ఒప్పుకుంది.

"ఒక్కసారి రోడ్డెక్కితే కారు పాత కారే కదా, బ్రెక్కీ గారూ?" అన్నాడు బోర్డు లాయరు.

"మేజోళ్ళు ఉతికినవేనండీ," అన్నాడు ఎల్డన్.

అధ్యక్షురాలు చెయ్యెత్తింది. "అవన్నీ తర్వాత. నేనడిగేది ఒక్కటే. ఎందుకు పడుకుంటారు?"

"చెప్పలేనండీ."

"ఎందుకు చెప్పలేరు?"

"అది జనం నన్ను నమ్మి అడిగిన మాట వల్లండీ. ఒకరు కాదు. ఎవరూ వినకుండా అడిగారు. నలుగురిలో పెట్టి వాళ్ళ పరువు తియ్యలేను."

"మీరు చెప్పకపోతే ఓటింగు తప్ప మాకు దారి లేదు. లైసెన్సు పోతుంది. అర్థమవుతోందా?"

"అవుతోందండీ," అని ఎల్డన్ కోటు లోపలి జేబులోంచి లైసెన్సు తీసి, మడత విప్పి, చేత్తో సాపు చేసి, బల్ల మీద పెట్టాడు. ఫ్రేములోంచి తీసి, తెచ్చుకునే వచ్చాడన్నమాట.

ఆర్డిస్‌కు అప్పుడు వెలిగింది. లేచి నిలబడింది.

"అమ్మా, నేనడిగాను," అంది.

"ఏమని?"

"మా ఆయన లాయిడ్‌కి నడుం నొప్పమ్మా. ఇరవై ఏళ్ళు నేలమీద పడుకున్నాడు, మంచం పడక. పోయినప్పుడు, అందరూ కాఫీలకి వెళ్ళాక, ఎల్డన్ చెయ్యి పట్టుకుని అడిగాను, 'అందులో ఆయనకి హాయిగానే ఉంటుందా?' అని. చచ్చిపోయిన మనిషికి హాయేంటి? నాకు తెలియదా? తెలిసే అడిగాను. అడిగాక సిగ్గుతో చచ్చిపోయాను. ఎల్డన్ నవ్వలేదమ్మా. 'ఉంటుంది ఆర్డిస్. నేను చూశాను. నడుం కింద పల్లంగా ఉంటే సర్దాను' అన్నాడు. ఆయన పోయాక నాకు నిద్రపట్టింది ఆ మాటతోనే. ఆ పిచ్చి ప్రశ్న ఊళ్ళో నేనొక్కదాన్నే అడిగాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు."

వెనక ఒక కుర్చీ కిర్రుమంది. హార్వీ భార్య మార్లిస్ లేచింది.

"నేనూ అడిగాను," అంది.

"నువ్వా?" అంది ఆర్డిస్.

"ఏం, నేనెందుకడక్కూడదు? అంత మనిషి, ఇరుకైతే ఉక్కిరిబిక్కిరైపోడూ?"

ధాన్యం గోదాము గోర్డన్ లేచాడు. తూకంలో గింజ ఎక్కువ పడనివ్వని మొండి మనిషి. నేల చూస్తూ, "మా అమ్మకి చలెక్కువ. లోపల వెచ్చగా ఉంటుందా అని..." అని ఆగిపోయి, కూర్చోవడం మరిచిపోయాడు. ఎడమ వైపు చర్చివాళ్ళు లేచారు, కుడి వైపు చర్చివాళ్ళు లేచారు. ప్రతివాడూ పక్కవాడి వంక ఆశ్చర్యంగా చూసేవాడే. ఆఖరున పాస్టర్ సోల్‌బెర్గ్ చెమట తుడుచుకుంటూ లేచాడు.

"మీరు కూడానా పాస్టరు గారూ!" అన్నారు నలుగురు ఒక్కసారే.

"ఏం చెయ్యమంటారు?" అన్నాడాయన. "మనిషి అక్కడ ఉండడని నలభై ఏళ్ళుగా ప్రసంగిస్తున్నవాణ్ణి. మా తమ్ముడు పోయినప్పుడు, వెళ్ళి అడిగి వచ్చాను."

నిలబడ్డ ఆ నలభై మందినీ ఆర్డిస్ ఒక్కొక్కరినే చూసింది. ఇంతమంది గుట్టు ఒక్క మనిషి కడుపులో ఇన్నేళ్ళు దాగింది. పిచ్చివాడని అందరూ నవ్వుతుంటే, నవ్వేవాళ్ళ మాటనే దాచిపెట్టి, వాళ్ళతోపాటు తానూ నవ్వాడు. ఆయన మాత్రం ముఖం ఎర్రగా చేసుకుని, "మిమ్మల్నెవరు చెప్పమన్నారు?" అని అందరినీ కసురుతున్నాడు.

కాన్‌స్టెన్స్ విక్రీ కళ్ళద్దాలు తీసింది. "బ్రెక్కీ గారూ, ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. మన వృత్తిలో వాళ్ళమంతా 'ఉంటుందండీ' అనేస్తాం. మీరూ అనెయ్యచ్చుగా?"

"మొదటేడు నేనూ అన్నానండీ. ఒక ముసలావిడ నా మొహంలోకి చూసి, 'నీకెలా తెలుసు?' అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచీ చూసే చెబుతున్నాను."

ఫిర్యాదు చేసిన బ్రాడ్లీ అప్పటిదాకా మూలన కూర్చున్నాడు. నెమ్మదిగా గొంతు విప్పాడు. "అయితే... మా మామయ్యకి?"

"మీ మామయ్యకి రెండుసార్లు పడుకున్నాను బాబూ. మొదటిసారి మెడ కుదర్లేదు. అది సర్దుతుంటేనే చెవి మిషను జారినట్టుంది. ఆ తప్పు నాదే."

బ్రాడ్లీ ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బోర్డు తీర్పు ఇచ్చింది. పడుకోవచ్చు, కాని ఆ సంగతి కుటుంబానికి కాగితం మీద తెలపాలి. అధ్యక్షురాలు అక్కడికక్కడే చెప్పి రాయించింది. "ఈ పేటికలో లైసెన్సుదారు పదకొండు నిమిషాలు శయనించియున్నాడు."

"కొన్నిట్లో ఇరవై రెండండీ," అన్నాడు ఎల్డన్.

"'అవసరమైనచో మరల' అని చేర్చండి," అందామె గుమాస్తాతో, ముఖంలో ఒక్క గీత కదలకుండా.

బస్సు ఎక్కబోతుంటే వరండాలో ఆమె వెనకనుంచి వచ్చి, ఎల్డన్‌నూ ఆర్డిస్‌నూ ఒక పక్కకు పిలిచింది. ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసింది. ఆ చూపు ఆర్డిస్‌కు బాగా తెలిసిన చూపు.

"మా అమ్మ మార్చిలో పోయింది," అంది కాన్‌స్టెన్స్ విక్రీ. "చెర్రీ కర్ర పెట్టె, లోపల లేత నీలం పట్టు. నేనే ఎంచాను. ముప్పై ఏళ్ళుగా జనానికి జవాబు చెప్పినదాన్ని. నేనెవరిని అడగను?"

ఉంటుందమ్మా అనెయ్యి, ఒక్క ముక్క, ఏం పోయింది అని ఆర్డిస్ మనసులో వేడుకుంది.

"అందులో నేను పడుకోలేదండీ," అన్నాడు ఎల్డన్. "అమ్మగారు ఎంత పొడవు?"

"అయిదడుగులు."

"పక్కకి తిరిగి పడుకునేవారా, వెల్లకిలా?"

"కుడి పక్కకి. మోకాళ్ళు కాస్త ముడుచుకుని."

"గురువారం దాకా టైమివ్వండి."

ఆ పెట్టెలు చేసే కంపెనీ దుకాణం రెండు వందల మైళ్ళ దూరంలో ఉంది. గురువారం పొద్దున్నే ఆర్డిస్ కారు తీసింది. దుకాణంలో సూటు వేసుకున్న కుర్రాడు ఎదురొచ్చి, "ఏం చూపించమంటారండీ?" అన్నాడు.

"చెర్రీ కర్ర, నీలం పట్టు," అన్నాడు ఎల్డన్, బూట్లు విప్పుతూ. "కొనడానికి కాదు నాయనా, పడుకోడానికి."

కుర్రాడు నోరెళ్ళబెట్టాడు. ఆర్డిస్ ఆ కుర్రాడికి బోర్డు తీర్పు కాపీ చూపించింది. ఎల్డన్ ఎక్కి, కుడి పక్కకు తిరిగి, అయిదడుగుల మనిషి అయ్యేదాకా మోకాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకున్నాడు. పదకొండు నిమిషాలయ్యింది. పదిహేనయ్యింది. ఆర్డిస్ వంగి చూసింది. ఎన్నో వందల పెట్టెలు ఎక్కి దిగిన మనిషి, ఇన్నేళ్ళలో దేంట్లోనూ కునుకు తియ్యని మనిషి, నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నాడు.

"అమ్మా," అన్నాడు కుర్రాడు. "ఆయన... ఉన్నారా?"

"ఉన్నాడు. చాలా బాగున్నాడు. మీ ఫోనొకసారి ఇటివ్వు."

ఫోను తీగ పెట్టె దాకా సరిపోయింది. ఆర్డిస్ బోర్డు ఆఫీసు నంబరు తిప్పింది. కాన్‌స్టెన్స్ విక్రీ పలికింది.

"అమ్మా, నేను స్టెన్‌డాల్ నుంచి వచ్చానే, ఆర్డిస్‌ని. జవాబు ఎల్డనే చెప్పాలి గానీ, చెప్పే స్థితిలో లేడు. మీరే వినండి."

రిసీవరు తీసి పెట్టెలో ఆయన ముఖం దగ్గర పట్టుకుంది. గురక నెమ్మదిగా, తీరుబడిగా, ఏ తొందరా లేని మనిషి గురకలా, తీగ వెంట రాజధాని దాకా వెళ్ళింది. ఆమె చెయ్యి నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని, తర్వాత రిసీవరు తన చెవికి ఆనించుకుంది. అవతల ముక్కు చీదిన చప్పుడు, దాని వెంటే చిన్న నవ్వు.

"లేపకండి ఆర్డిస్ గారూ," అంది కాన్‌స్టెన్స్ విక్రీ. "ఇంకాసేపు పడుకోనివ్వండి."